పాలస్తీనా యువచిత్రకారులు – పాత కట్టడములు



నేటి సాయంకాలము మీకు విన్నవింపదలచిన విషయము మన యూళ్లకు మిక్కిలి దూరమున నున్నది. పాలస్తీనా దేశపు యువచిత్రకారులు తమ పూర్వుల కట్టడములను చూచియు, చూడ వీలులేనిచో తలచుకొనియు, బొమ్మలు వ్రాయుచున్నారు. మసీదులు, క్రైస్తవాలయములు, సంతవీథులు, స్నానశాలలు, పల్లెటూరి పాతయిండ్లు, ఇవియే వారికి వస్తువులు. వారెందులకు వ్రాయుచున్నారు? ఆ వ్రాతవలన నెవ్వరికేమి లాభము? ఈ రెండు ప్రశ్నలను గూర్చి నాకు తోచిన మాటలు చెప్పుదును.

ముందుగా నా తప్పొకటి యొప్పుకొనవలెను. నేను ముప్పదిరెండేండ్లు డ్రాయింగు మాస్టరుగా పనిచేసినవాడను. కుండలను, పండ్లను, దేవాలయ గోపురములను గీయుట ఎందఱో పిల్లలకు నేర్పితిని. మా తాతగారు కట్టించిన మండువా లోగిలిని మాత్రము ఒక్కనాడును గీయలేదు. 1998లో దానిని పడగొట్టించి సిమెంటు డాబా వేయించితిని. ఇటీవల మా మనుమడు వచ్చి, "తాతయ్యా, ఆ యింటికి స్తంభములెన్ని?" అని యడిగెను. నేను ఎనిమిది యంటిని. మా చెల్లెలు పది యనెను. ఆ యింట పుట్టి పెరిగిన మేమిద్దఱము ఒక మాటమీదికి రాలేకపోతిమి. ఆ సిగ్గు నన్ను విడువలేదు. అటుపిమ్మట పాలస్తీనా చిత్రకారుల చరిత్రము చదువుచుండగా, నేను చేయక విడిచిన పనిని అచ్చట ఇరువదియేండ్ల పిల్లలు చేయుచున్నారని తెలిసి, దానిని మీతో చెప్పవలెనని తోచినది.

మధ్యధరా సముద్రమునకు తూర్పున, యొర్దాను నదికి పడమట నున్న భూభాగము పాలస్తీనా. యూదులకు, క్రైస్తవులకు, మహమ్మదీయులకు మువ్వురకును అది పుణ్యభూమి. అచ్చట దూలములకు తగిన కలప తక్కువ, సున్నపురాయి యెక్కువ. అందుచేత గోడలే కాక పైకప్పులును రాతికమానులతో కట్టుట పూర్వాచారము. జెరూసలేము పట్టణపు కట్టడములకు రాతిముఖమే యుండవలెనని 1918లో ఆంగ్ల పాలకులు శాసించిరి. ఆ రాయి ప్రొద్దుట తెల్లగాను, సాయంసమయమున తేనెరంగుగాను కనబడును. ఒకే గోడకు గంటగంటకు రంగు మాఱుచుండుటచే చిత్రకారునకు అది పండుగ, పరీక్ష కూడ.

ఆ పట్టణమందలి కట్టడములలో మిక్కిలి ప్రసిద్ధమైనది శిలాగుమ్మటము. దీనిని అరబ్బులు కుబ్బతుస్ సఖ్రా యందురు. ఖలీఫా అబ్దుల్ మలిక్ కాలమున, సుమారు క్రీ. శ. 691లో పూర్తియైన యెనిమిది మూలల భవనమిది. దీని బంగారువన్నెను నేడు లోకమంతయు నెఱుగును. అయితే అనేక శతాబ్దములపాటు ఆ గుమ్మటముపై సీసపు రేకులే యుండెను. 1960 ప్రాంతమున లోహపు రేకులు మార్చిరి. ఇప్పటి బంగారుపూత 1990 తరువాతిది. 1839లో స్కాట్లండు చిత్రకారుడు డేవిడ్ రాబర్ట్సు జెరూసలేము వచ్చి బొమ్మలు వ్రాసెను. అవి 1842 మొదలు లండనులో అచ్చుపడెను. ఆనాటి గుమ్మటము నల్లనిది, నేటి బొమ్మలలోనిది పచ్చనిది. రెండింటిని ప్రక్కప్రక్కన పెట్టి చూచువానికి నూటయేబదియేండ్ల చరిత్రము మాటలతో పని లేకయే తెలియును. బొమ్మ సాక్ష్యము పలుకుట యనగా నిదియే.

రాబర్ట్సు గొప్ప చిత్రకారుడే. అతని బొమ్మలలో మనుష్యులు కలరు గాని, వారు గోడ యెంత యెత్తో తెలుపుటకు నిలువబెట్టిన కొలబద్దలవలె నుందురు. ఆ యింట నెవరు కాపురముండిరో, ఆ బావినీరెవరు త్రాగిరో ఆ బొమ్మ చెప్పదు. యాత్రికుడై వచ్చి పోవువాని చూపు అట్లే యుండును. ఆ నేలపై పుట్టినవారు తామే కుంచె పట్టినప్పుడు చూపు మాఱినది.

గొప్ప కట్టడములను చూచుటకు లోకమంతయు వచ్చును గాని, పల్లెటూరి యింటిని చూచువారెవరు? బేత్‌జాలా గ్రామమున పుట్టిన తౌఫీక్ కనాను అను వైద్యుడు ఆ పనికి పూనుకొనెను. ఆయన వైద్యము చేయుచు, పల్లెలయందలి ఆచారములను, సామెతలను, గృహనిర్మాణమును విచారించి, 1933లో పాలస్తీనా అరబ్బుల యింటిని గూర్చి యొక గ్రంథము ప్రకటించెను. ఆ పల్లెటూరి యింటిని మీకు వర్ణించి చెప్పుదును. మీకు కొత్తగా తోచదు.

గోడలు మిక్కిలి దళసరి. లోపల ఒకటే పెద్ద గది, పైన రాతికమానుల కప్పు. గదిలో సగము పల్లముగా నుండును, అది పశువులకు. మిగిలిన సగము అరుగువలె యెత్తుగా నుండును, అది మనుష్యులకు. అరుగుమీద వంట, పడక, అతిథిమర్యాద సర్వమును జరుగును. చలికాలమున పశువుల వెచ్చదనము మనుష్యులకు తగులుచుండును. ధాన్యమునకు గాదెలు కలవు. వానిని ఆడువారు మట్టియు గడ్డియు కలిపి తొక్కి, తమ చేతులతో కట్టి, పైన అందమైన గుర్తులు దిద్దుదురు. గాదె యడుగున ఒక చిన్న రంధ్రము, దానికొక బిరడా. గాదెలు నిండియున్న యిల్లు ఆ యేడు కడుపునకు లోటు లేని యిల్లు. ఇట్టి యిండ్లను మెచ్చి ఏ రాజును శాసనము చెక్కించలేదు, ఏ యాత్రికుడును వీనిని చూచుటకు రాలేదు. అయినను ఆ దేశపు రైతు పుట్టుట, పెండ్లాడుట, చచ్చుట ఆ కమానుల క్రిందనే జరిగినవి.

1948లో ఇశ్రాయేలు రాజ్యము స్థాపితమైన కాలమున జరిగిన యుద్ధములో సుమారు 7,00,000 మంది పాలస్తీనా అరబ్బులు ఇల్లువాకిలి కోల్పోయిరి. 400కు పైగా గ్రామములు నిర్జనములయ్యెను. వానిలో పెక్కింటి యిండ్లు తరువాత నేలమట్టము చేయబడినవి. తిరిగి పోవుదుమను నమ్మకముతో అనేకులు ఇంటి తాళపుచెవులను వెంట తెచ్చుకొనిరి. ఆ చెవులు నేటికిని మనుమల యిండ్లలో గోడలకు వ్రేలాడుచున్నవి.

అట్లు వెడలినవారిలో లిద్దా పట్టణపు ఇస్మాయిల్ షమ్మూత్ అను పదునెనిమిదేండ్ల యువకుడుండెను. ఎండలో కాలినడకను సాగిన ఆ ప్రయాణమున అతని చిన్నతమ్ముడు దప్పికచే మరణించెను. ఖాన్‌యూనిస్ శరణార్థుల శిబిరమున షమ్మూత్ మిఠాయి లమ్మి బ్రతికెను. పిల్లలకు చిత్రలేఖనము నేర్పెను. పిమ్మట కైరోకు పోయి విద్య నేర్చి, 1953లో గాజా పట్టణమున తన చిత్రములను ప్రదర్శించెను. అప్పటి కతని వయస్సు 23. అందు "ఎక్కడికి?" అను పేరుగల చిత్రమున ఒక వృద్ధుడు పిల్లలను వెంటబెట్టుకొని నడచుచుండును. అతని వెనుక దూరముగా ఊరు కనబడును. ప్రదర్శనము చూడవచ్చిన శరణార్థులకు అది బొమ్మగా తోచియుండదు, తమ కథయే గోడకు తగిలించినట్లు తోచియుండును.

తరువాతి తరమువాడు సులేమాన్ మన్సూర్. 1947లో బీర్‌జైత్ గ్రామమున పుట్టినవాడు. 1973లో, 26 ఏండ్ల ప్రాయమున, ఆయన ఒక హమాలీ బొమ్మ వ్రాసెను. ముసలి హమాలీ నొసటికి త్రాడు తగిలించుకొని వీపున మూట మోయుచున్నాడు. ఆ మూటలో నున్నది జెరూసలేము పట్టణమే, శిలాగుమ్మటముతో సహా. అచ్చుబొమ్మగా అది ఇంటింట వెలసినది. మన యిండ్లలో గోడలకు తగిలించు అచ్చుపటములవలె దానిని వారు తగిలించుకొనిరి. మొదట వ్రాసిన మూలచిత్రము లిబియా దేశమునకు చేరి, 1986లో అచ్చట బాంబులు పడినప్పుడు నశించినదని చెప్పుదురు. మన్సూరు దానిని 2005లో మరల వ్రాసెను. బొమ్మకును ఇంటికి పట్టిన గతియే పట్టవచ్చునని దీనివలన తెలియుచున్నది. అయినను వ్రాసిన చేయి, అచ్చుపడిన ప్రతులు ఉండుటచే ఆ బొమ్మ తిరిగి పుట్టినది.

ఇంతవఱకు చెప్పినది ప్రేమను గూర్చి. ఇక బొమ్మవలన ప్రయోజన మేమను ప్రశ్నకు వచ్చెదను. దానికి ఒక మింబరు కథ చెప్పవలెను. మింబరనగా మసీదులో ఇమాము నిలిచి ఉపదేశించుటకు మెట్లతో కట్టిన వేదిక. నూరుద్దీన్ అను సుల్తాను 12వ శతాబ్దమున అలెప్పో నగరమున ఒక చక్క మింబరును చేయించెను. చిన్నచిన్న చెక్కతునకలు వేలకొలది, దంతపుముక్కలతో కలిపి, మేకులు గాని జిగురు గాని లేకుండ ఒకదానిలో నొకటి యిమిడించి చేసిన పని యది. 1187లో సలాహుద్దీన్ జెరూసలేము జయించిన పిమ్మట దానిని తెప్పించి అల్ అక్సా మసీదున నిలిపెను. దాదాపు 800 ఏండ్లు అది అచ్చటనే యుండెను. 1969 ఆగష్టు 21న ఆస్ట్రేలియా దేశస్థు డొకడు మతోన్మాదముచే మసీదునకు నిప్పుపెట్టగా మింబరు బూడిదయ్యెను. కొన్ని తునకలు మాత్రము మిగిలెను.

ఇప్పుడు నలువదియేండ్లు వెనుకకు పోవలెను. 1909లో హైఫాలో పుట్టిన జమాల్ బద్రాన్ అను బాలుడు కైరోలో అలంకారశిల్పము నేర్చి, 1927లో చదువు ముగించి, ఇరువదియేండ్లైన నిండకముందే జెరూసలేము వచ్చి అల్ అక్సా మరమ్మతు పనులలో చేరెను. ఇచ్చట మనకొక సంబంధము కలదు. ఆ మరమ్మతుల నిమిత్తము చందాలు పోగుచేయుటకు జెరూసలేము పెద్దలు 1923–24 ప్రాంతమున హిందూదేశమునకు వచ్చినప్పుడు హైదరాబాదు నిజాము మీర్ ఉస్మాన్ అలీఖాన్ విరాళ మిచ్చెను. మన తెలుగునేలపై వసూలైన పన్నుసొమ్ములో కొంతపాలు ఆ దూరపు మసీదు గోడలలో కలిసినదన్నమాట.

ఆ బద్రానే మింబరు కాలిపోయిన నాటికి అఱువదియేండ్ల వృద్ధుడు. యౌవనమున ఆ మసీదునందలి నగిషీని కంటితో కొలిచి, చేతితో గీసినవాడు గనుక, కాలిన దానిని మరల కట్టుటకు కావలసిన నమూనాలు గీయుపని ఆయనపై బడెను. మిగిలిన తునకలు, పాత ఛాయాపటములు ముందుంచుకొని ఆయన మహాశ్రమతో గీసెను. ఆయన 1999లో కాలధర్మము నొందెను. తరువాత జోర్డాను దేశమున, అనేక దేశముల వడ్రంగులు చేరి, ఆ నగిషీలోని గణితమును మరల కనిపెట్టి, తునకతునకగా కొత్త మింబరును కూర్చిరి. 2007లో అది అల్ అక్సాలో పాతదానిచోట నిలిచినది. నిప్పుపెట్టినవానికి ఒక్కపూట చాలినది. తిరిగి నిలుపుటకు 38 ఏండ్లు పట్టినది. ఆ 38 ఏండ్లలో చేతికాధారమైనవి పాతపటములును, గీతలును.

కాబట్టి, నేడొక పిల్లవాడు పలకపై గీసిన గీత రేపు మేస్త్రికి కొలత కావచ్చును.

అయితే ఇచ్చట ఒక లోపము చెప్పక తప్పదు. పాలస్తీనా యువకులు వ్రాయు బొమ్మలలో అధికభాగము బంగారు గుమ్మటములే. దీనిని నేను ఎగతాళి చేయుటలేదు. గాజాలో పుట్టినవానికి జెరూసలేము పోవుటకు అనుమతి దొరకుట దుర్లభము. యాబది క్రోసులైనను లేని దూరమున నున్న పట్టణమును కంట చూడకయే ముసలితనము వచ్చినవారు కలరు. చూడని దానిని పటములు చూచి వ్రాయుదురు. అట్టి బొమ్మలో ఆశ కలదు గాని కొలత లేదు. గుమ్మటమునకు లోకమున లక్ష పటములున్నవి. తన వీథిలోని పాతకమానుకు ఒక్క పటమును లేదు. ఏది పోయిన యెడల మరల తెలిసికొనుటకు వీలులేదో, దానిని ముందు గీయవలెను.

ఈ సంగతి అచ్చటి పెద్దలలో కొందఱకు తోచినది. 1987లో పాలస్తీనీయుల ప్రతిఘటనము మొదలైనప్పుడు మన్సూరును, మఱి ముగ్గురు చిత్రకారులును, ఇశ్రాయేలునుండి వచ్చు రంగులను కొనుట మాని, మట్టి, గడ్డి, తోలు, గోరింట మున్నగు స్థానికవస్తువులతోనే పనిచేయ నిశ్చయించిరి. గాదెలు కట్టిన మట్టియే చిత్రమునకు వచ్చినది. ఎండిన మట్టి పగులును. ఆ పగుళ్లను మన్సూరు దాచక చిత్రములో భాగముగా చేసికొనెను. ఆ నలుగురిలో వేరా తమారి యను చిత్రకారిణి యొకతె. ఆమె, సువాద్ అమీరీ యను వాస్తుశిల్పినితో కలిసి, 1989లో పాలస్తీనా పల్లెటూరి యింటిని గూర్చి గ్రంథము వ్రాసినది. చిత్రకారిణియు, ఇల్లు కట్టు విద్య నెఱిగినదియు ఒకచోట కూర్చుండుట నాకు మిక్కిలి సంతోషము కలిగించిన విషయము.

ఆ సువాద్ అమీరీయే 1991లో రామల్లా పట్టణమున రివాక్ అను సంస్థను స్థాపించినది. వారు 1994 మొదలు 2007 వఱకు ఊరూర తిరిగి పాతకట్టడములకు పట్టిక వ్రాసిరి. సుమారు 420 పల్లెలు, పట్టణములు తిరుగగా 50,320 కట్టడములు లెక్కకు వచ్చెను. ఒక్కొక్క యింటికి అంతస్తులెన్ని, కప్పు ఎట్టిది, గోడ ఏ స్థితిలో నున్నది, కాపురమున్నారా లేదా, అన్నియు వ్రాసిరి. తరువాత బీర్‌జైత్ మొదలైన గ్రామముల పాతవాడలను ఆ యూరి మేస్త్రీలచేతనే, పాతపద్ధతిని సున్నముతో బాగుచేయించిరి. బీర్‌జైత్ పనికి 2013లో ఆగాఖాను బహుమానము వచ్చినది. పాత యిల్లు నిలిచినది, మేస్త్రికి కూలియు దొరకినది.

పెద్దలారా, పాలస్తీనాలో కట్టడములన్నియు శత్రువుచేతనే పోయినవని తలపకుడు. ఆంగ్లేయుల కాలమున 1929లో చేసిన శాసనము క్రీ. శ. 1700కు పూర్వపు వానికే ప్రాచీనవస్తువులని పేరిచ్చినది. 1966నాటి శాసనమును ఆ హద్దునే యుంచెను. రైతుల యిండ్లు పెక్కులు అటు తరువాతివి. వానిని పడగొట్టవద్దను దిక్కు లేదు. కొడుకు దుబాయి పోయి సొమ్ము పంపగా తండ్రి రాతికమానులు పడగొట్టి సిమెంటు మేడ లేపెను. 2018లో మాత్రమే పాలస్తీనా ప్రభుత్వము కొత్తశాసనము చేసి ఇట్టి యిండ్లకును రక్షణ కల్పించినది. ఆ తండ్రిని నిందించుటకు నాకు నోరు రాదు. నేను చేసినదియు నదియే గదా.

ఇక గాజా సంగతి చెప్పవలెను. 2023 అక్టోబరు 7న హమాసువారు ఇశ్రాయేలుపై దాడిచేసి సుమారు 1,200 మందిని చంపిరి. పలువురను చెఱపట్టిరి. అటుపై గాజాపై జరిగిన యుద్ధమున పదులవేల జనులు మరణించిరి. ఆ నేలపై కట్టడములకును అట్టి గతియే పట్టినది. గాజాలోని పెద్దమసీదు ఒమరీ. క్రూసేడుల నాటి క్రైస్తవాలయము పిమ్మట మసీదైనది. 2023 డిసెంబరులో అది చాలవఱకు కూలినది. పాషాగారి కోట యను పేర ప్రసిద్ధమై, తరువాత వస్తుప్రదర్శనశాలగా మాఱిన మమ్లూకుల నాటి భవనము శిథిలమైనది. వందలయేండ్ల సమ్రా స్నానశాల నశించినది. సెయింట్ పోర్ఫీరియసు ఆలయపు ప్రాంగణమున ఒక కట్టడము 2023 అక్టోబరు 19న కూలి, అచ్చట తలదాచుకొన్న క్రైస్తవులు పలువురు మరణించిరి. 2025 నాటికి గాజాలో దెబ్బతిన్న చరిత్రస్థలములు నూటికి పైబడినవని యునెస్కో సంస్థవారు నిర్ధారించిరి.

ఆ గాజాలో హెబా జఖూత్ అను చిత్రకారిణి యుండెడిది. 1984లో బురైజ్ శరణార్థుల శిబిరమున పుట్టినది. ఆమె పెద్దలు 1948లో ఇస్దూద్ ఊరు విడిచి వచ్చినవారు. గాజాలోని అల్ అక్సా విశ్వవిద్యాలయమున చిత్రకళ చదివి, 2007లో పట్టము పొంది, బడిపిల్లలకు బోధించుచు బొమ్మలు వ్రాసినది. ఆమె చిత్రములలో గుమ్మటములు, మినారులు, గంటగోపురములు, చిన్నచిన్న కిటికీల యిండ్లు ఒకదానిమీద నొకటి ఒరిగి, రంగురంగులుగా, చుట్టములు పెండ్లిపందిరిలో చేరినట్లు ఒక్కచోట నిలిచియుండును. మసీదునకు చర్చికి నడుమ ఆమె గోడ వ్రాయలేదు. ఎంబ్రాయిడరీ చేసిన అంగరఖాలు ధరించిన స్త్రీలు ఆ యిండ్ల ముందు కూర్చుండియుందురు. రాబర్ట్సు బొమ్మలలోవలె వారు కొలబద్దలు కారు, ఆ యింటివారు. 2023 అక్టోబరు 13న ఇశ్రాయేలు వైమానికదాడిలో ఆమెయు, ఆమె బిడ్డలలో ఇద్దఱును మరణించిరి. ఆమె వయస్సు 39.

ఆమె బొమ్మలను ముందుంచుకొని ఏ మేస్త్రియు గోడ కట్టలేడు. వానిలో కొలతలు లేవు. బంగారు గుమ్మటములను గూర్చి యిందాక నేను చెప్పిన లోపము వీనికిని వర్తించును. అయినను ఆమె బొమ్మలు చూచినపుడు నా మాటను కొంత సవరించుకొనవలసి వచ్చినది. కొలతగల గీత ఇల్లు ఎట్లుండెడిదో చెప్పును. ఈమె బొమ్మ, ఆ యిల్లు మరల కట్టుట యేల యవసరమో చెప్పును. మొదటిది మేస్త్రికి, రెండవది కట్టించువానికి. కట్టించుకొనవలెనను కోరికయే చచ్చినచో కొలతలు పెట్టెలో మూల్గవలసినదే.

"మనుష్యులు చచ్చుచుండగా రాళ్లకై యేడ్చుట ధర్మమా?" యని మీలో ఒకరైనను అడుగుదురు. న్యాయమైన ప్రశ్న. ఒక శిశువు ప్రాణమునకు ఒమరీ మసీదంతయు సాటిరాదు. ఆ చిత్రకారులును కాదనరు. అయితే బ్రతికి బయటపడినవానికి రేపు ఉదయము ఎచ్చటికి పోవలెనో తెలియవలెను గదా. మా వీథి యిది, మా బావి యిది, మా నాన్న పెండ్లినాడు ఊరేగిన సంత యిది యని వ్రేలు చూపుటకు ఒక యానవాలు కావలెను. ఆనవాలు లేని మనుష్యుడు ఎచ్చటికైనను తోలుకొనిపోదగినవాడగును. బొమ్మ ఇల్లు కాదు. దానిక్రింద ఎవ్వరును వానకు తలదాచుకొనలేరు. ఇల్లుండెడిదనుటకు, అది మాదియనుటకు అది సాక్షి. సాక్షిని పోగొట్టుకొన్న వ్యాజ్యము గతి గ్రామపెద్దలగు మీకు నేను చెప్పనక్కఱలేదు.

ఈ ప్రసంగము వ్రాసికొనుచుండగా ఒక పని చేసితిని. మా మనుమని కూర్చుండబెట్టి, మా చెల్లెలును నేనును చెప్పుచుండగా, పడిపోయిన మండువా లోగిలిని కాగితముపై గీయించితిని. వీథి యరుగు, నట్టిల్లు, గాదెగది, దక్షిణపు వసారా వచ్చినవి. స్తంభములకడ తగవు మరల మొదలయ్యెను. అప్పుడు పెరటిలోనికి పోయి, పాతస్తంభముల క్రింది దిమ్మరాళ్లను వెదకి లెక్కించితిమి. కొన్ని పశువులశాల ముందు మెట్లుగాను, కొన్ని నూతిగట్టునను ఉన్నవి. మొత్తము తొమ్మిది దొరకినవి. పదియవది చాకలిబండగా పోయినదని మా చెల్లెలు పట్టుబట్టినది. మనుమడు తొమ్మిది స్తంభములను సిరాతోను, పదియవదానిని పెన్సిలుతోను గీసినాడు.